సదయ్య నీళ్ల సీసా

అరువు తెచ్చుకున్న వస్తువును తిరిగి ఇవ్వని మనిషి ప్రార్థన దేవుడు వింటాడా, వినడా? ఈ సందేహం గిడియోన్‌ను ముప్పై రెండేళ్లుగా వదల్లేదు. ఒకసారి ధైర్యం చేసి పాస్టరు గారినే అడిగాడు. ఆయన ఆ వస్తువేమిటని అడిగి, సిల్వరు నీళ్ల సీసా అని విని, నవ్వాపుకోలేక దగ్గారు. గిడియోన్ కూడా మర్యాదకు నవ్వాడు గానీ సందేహం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆ సీసా గోదావరిఖనిలోని వాళ్ల క్వార్టరులో వంటింటి మేకుకు వేలాడుతుండేది. దాని యజమాని సదయ్య మందమర్రిలో ఉంటాడు. మధ్యలో ఉన్నదల్లా ఒక గోదావరి, దాని మీదొక వంతెన. ఏటా క్రిస్మసుకు ఇల్లు దులిపేటప్పుడు భార్య కరుణమ్మ సీసాను దించి, చింతపండుతో తోమి, ఈ ఏడన్నా ఇచ్చొస్తావా అని అడుగుతుంది. పండుగ కానీ అంటాడు. పండుగవుతుంది. సీసా మళ్లీ మేకెక్కుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. గిడియోన్ పనిచేసేది ల్యాంపు రూములో. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ అక్కడిచ్చి టోపీ లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటిచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఒక మనిషి ఇంకా లోపలున్నాడని లెక్క. అందుకని లైటు ఇవ్వకుండా చాయ్ తాగడానికి పోయినవాళ్లను గిడియోన్ హోటలు దాకా వెంటాడి మరీ మందలించేవాడు. తీసుకున్నది తిరిగియ్యనోడు మనిషేనా అన్నది ఆయన ఊతపదం. ఆ మాట అన్న ప్రతిసారీ వంటింటి మేకు కళ్లలో మెదిలి గొంతు కాస్త తగ్గేది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై బొగ్గు గనులన్నీ ఆగిపోయాయి. లైట్లన్నీ తమ గూళ్లలో, బిళ్ళలన్నీ మనుషుల జేబుల్లో ఉండిపోయాయి. రిటైరుమెంటుకు ఆరు నెలలున్న గిడియోన్‌కు పొద్దున సమ్మె టెంటులో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంట్లో తిరగడం తప్ప పని లేకపోయింది. రెండు వారాల్లో పప్పుడబ్బాలన్నీ సర్ది, ఏ డబ్బాలో ఏముందో కరుణమ్మకే తెలియకుండా చేశాడు. మూడో వారం ఆమె ఆయన్ను ముందుగదిలోకి తోలి తలుపు దగ్గరగా వేసింది.

ముందుగదిలో కూతురు సుజిత ఉంది. కంప్యూటరు చదువు చదివి, ఏడాదిగా ఇంట్లోనే కూర్చుని ఒక ఆట తయారుచేస్తోంది. నల్లకోన దాని పేరు. తెర మీద ఒక పెద్ద మాయలోకం. అడవులు, వాగులు, పాడుబడ్డ కోటలు, మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు. ఆడేవాడు ఎటు కావాలంటే అటు పోవచ్చు, ఏ తలుపైనా తట్టొచ్చు. హైదరాబాదులోని ఒక ఆటల కంపెనీ, మొదటి అరగంట ఆట పంపు, మా వాళ్లకు నచ్చితే ఉద్యోగమిస్తాం అంది. గడువు అక్టోబరు పది. నచ్చకపోతే బసంత్‌నగర్‌లో ఒక బడిలో కంప్యూటరు టీచరుగా చేరతానని సుజిత తల్లికి మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పే ఇల్లు కాదు అది, సీసా సంగతి పక్కన పెడితే.

చిక్కల్లా ఆట మొదట్లోనే వచ్చింది. పక్క క్వార్టరు భూపాల్, సుజితతో కలిసి చదివినవాడు, ఆటలంటే అన్నం మానేసే రకం. అతన్ని కూర్చోబెడితే మొదట వచ్చే కథను చూడకుండా ఒక మీట నొక్కి దాటేశాడు. పావుగంటలో నలుగురు రాక్షసుల్ని పొడిచి, బాగానే ఉందని చెప్పి లేచిపోయాడు. మళ్లీ ఆడతావా అంటే తల గోక్కున్నాడు.

"అందరు గిట్లనే చేస్తున్నరు బాపు," అంది సుజిత. "లోకమంత కట్టిన. ఒక్కరు కూడా అండ్ల ఉంట లేరు."

గిడియోన్ తాను ఆడతానన్నాడు. సుజిత నవ్వి మౌసు చేతికిచ్చింది.

ఆయన మొదటి కథను దాటవేయలేదు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో లేవడం ఆయనకు అలవాటు లేదు. వజ్రకేతుడనే రాజు, ఆయన తాత చేసిన మూడు యుద్ధాలు, ఒక శాపం, లోకాన్ని కాపాడడానికి పుట్టిన వీరుడివి నువ్వేనని ఒక గడ్డపాయన చెప్పడం. ఎనిమిది నిమిషాల కథ. రెండో యుద్ధం దగ్గరే గిడియోన్ తల వాల్చేశాడు.

మర్నాడు సుజిత ఆ కథంతా తీసేసి తండ్రిని నేరుగా అడవిలో నిలబెట్టింది. ఆయన వాగులో మూడుసార్లు పడ్డాడు. ఎదురైన ప్రతివాడికీ దండం పెట్టే మీట ఏదని అడిగాడు. ఒక ఇంట్లో పెట్టె కనిపిస్తే, తెరిచి బంగారం తీసుకోమంది సుజిత. పరాయి ఇంట్లో పెట్టె నేనెట్ల తెరుస్తానని ఆయన బయటికొచ్చేశాడు. చివరికి ఒక గుట్టెక్కి ఊరికే నిలబడ్డాడు.

"ఏమైంది బాపు?"

"మంచిగనే ఉంది బిడ్డా. కానీ ఈడు డ్యూటీ లేనోని లెక్క తిరుగుతున్నడు. సమ్మెల నాలెక్క. ఈని కోసం ఎదురుచూసేటోళ్లు ఎవ్వలు లేరా?"

సుజిత సమాధానం చెప్పేలోపు కరెంటు పోయింది. సమ్మె రోజులు, బొగ్గు లేదు, కోతలు మామూలే. చీకటి తెర ముందు ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. బసంత్‌నగర్ బడి వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. కూతురి ముఖం చూడలేక, ఏదో ఒకటి మాట్లాడాలని గిడియోన్ తాను మొదటిసారి గనిలోకి దిగిన రోజు చెప్పడం మొదలుపెట్టాడు.

డెబ్బై తొమ్మిదిలో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన మొదట బొగ్గు నింపే పనికి చేరాడు. ఆ గని ఎవరు తవ్వారో, ఎన్ని పొరల బొగ్గుందో ఎవరూ చెప్పలేదు. గని నోటి దగ్గర దిగాలా వద్దా అన్నట్టు నిలబడితే, సదయ్య అనే పెద్ద కార్మికుడు చూసి, నీళ్లేవిరా అని అడిగాడు. అన్నం డబ్బా తెచ్చుకున్నాడు గానీ నీళ్లు మరిచిపోయాడు గిడియోన్. సదయ్య తన రెండు సీసాల్లో ఒకటి తీసి ఆయన నడుముకు కట్టాడు. పైకి ఎక్కినంక ఇయ్యి, మరిచిపోకు అన్నాడు. అంతే. ఆ చీకట్లో గంటలెలా గడిచాయో తెలియదు గానీ, నడుము దగ్గర సీసా తగిలినప్పుడల్లా, పైన దీన్ని ఒక మనిషికి ఇచ్చేది ఉంది కదా అనుకున్నాడు.

"బొగ్గు కోసం దిగిన బిడ్డా," అన్నాడు గిడియోన్. "ఎక్కుడు మాత్రం ఆ సీస కోసమే ఎక్కిన."

ఎక్కేసరికి సదయ్యను లోపల డబుల్ డ్యూటీకి ఆపేశారు. మర్నాడు ఆదివారం, గిడియోన్ చర్చికి పోయాడు. సోమవారం పోతే సదయ్యకు మందమర్రి బదిలీ అయిందన్నారు. మొదటి నెల బస్సు దొరకలేదు. తర్వాత పెళ్లి. ఆ తర్వాత, ఇన్నాళ్లకు ఏ ముఖంతో ఇవ్వను అనే సిగ్గు. సీసా బరువు పెరగలేదు గానీ సిగ్గు ఏటా పెరిగింది.

కరెంటు వచ్చాక సుజిత వారం రోజులు అన్నానికి తప్ప లేవలేదు. వజ్రకేతుడూ ఆయన తాతా గడ్డపాయనా అందరూ పోయారు. ఇప్పుడు ఆట ఒక కొండ గుహ నోటి దగ్గర మొదలవుతుంది. ఒక ముసలాయన రాయి మీద కూర్చుని ఉంటాడు. నువ్వు లోకంలోకి పోతుంటే పిలిచి, తన నీళ్ల సీసా నీ నడుముకు కట్టి, తిరిగొచ్చినంక ఇయ్యి అంటాడు. కథంతా ఒక్క నిమిషం. ఆ తర్వాత నీ ఇష్టం.

భూపాల్‌ను మళ్లీ పిలిచారు. అతను ఈసారీ మీట నొక్కబోయి, ముసలాయన తన నడుముకే ఏదో కడుతుంటే ఆగాడు. తర్వాత అడవిలో పడ్డాడు, కోటలు చూశాడు, ఒక మంత్రగాడితో పోట్లాడాడు. గంట దాటింది. కరుణమ్మ టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. కరెంటు పోయే వేళవుతోందని సుజిత చెప్పగానే అతను గుర్రాన్ని గిర్రున వెనక్కి తిప్పాడు.

"ఏడికి రా?" అంది సుజిత.

"సీస ఇచ్చొస్త. ముసలాయన పొద్దటిసంది ఎండల కూసున్నడు, దూపగొనడా?"

దారిలో వాగు కనిపిస్తే దిగి సీసా నింపాడు కూడా. వెనక్కి పొమ్మని గానీ నింపమని గానీ ఆటలో ఎక్కడా లేదు. గిడియోన్ తెర మీదికి వంగి చూస్తున్నాడు. భూపాల్ సీసా అందించాడు. ముసలాయన తీసుకున్నాడు. తెర మీద ఏ మాటా రాలేదు.

"ఆడ ఏం రాయాల్నో తెల్వక ఖాళీగ ఇడిచిన," అని సుజిత తండ్రి వైపు తిరిగింది. "తిరిగిస్తే ఆయన ఏమంటడు బాపు?"

"నాకేం తెలుస్తది బిడ్డా," అన్నాడు గిడియోన్. "నేను ఇయ్యలే గద."

వంటింట్లోంచి కరుణమ్మ గొంతు వినిపించింది. "ఇస్తె తెలుస్తది."

మర్నాడు అక్టోబరు తొమ్మిది, ఆదివారం. ఆరాధన అయ్యాక గిడియోన్ తెల్లచొక్కా మార్చకుండానే వచ్చి, మేకు మీది సీసా దించి, తాగునీళ్ల బిందెలోంచి నింపాడు. బస్సులు కూడా సమ్మెలోనే ఉన్నాయి. భూపాల్ బండి తీశాడు. మధ్యలో సీసా, వెనక గిడియోన్. వంతెన మీద గోదావరి నిండుగా కనిపించింది. ముప్పై రెండేళ్లు దాటలేనిది దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ ఉద్యోగం సుజితకు వచ్చింది. ఆ మాట ఇక్కడే చెప్పేస్తే మీకు నెమ్మది. ఆటను పరీక్షించిన ఎనిమిది మందిలో ఆరుగురు ఎవరూ చెప్పకుండానే సీసా ఇవ్వడానికి వెనక్కి వెళ్లారని, అక్కడ ముసలాయన అన్న ఒక్క మాటకు మళ్లీ లోకంలోకి పోయారని కంపెనీ వాళ్లు రాశారు. ఆ మాట ఆదివారం మధ్యాహ్నం మందమర్రిలో దొరికింది.

సదయ్య ఇంటి ముందు మంచానికి నులక అల్లుతున్నాడు. మనిషి వంగిపోయాడు, కళ్లద్దాలు వచ్చాయి. గిడియోన్ దారి పొడవునా క్షమాపణ ఒకటి తయారుచేసుకున్నాడు, అందులో ప్రార్థన మాటలు కూడా రెండున్నాయి. తీరా ఎదురుగా నిలబడ్డాక అదంతా పక్కన పెట్టాడు. రెండు చేతులతో సీసా చాపాడు.

"సదన్నా. నీ సీస."

సదయ్య అద్దాలు పైకి తోసి సీసాను చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ సీసాను చూశాడు. ఈలోపు లోపలి నుంచి ఆయన భార్య సారవ్వ వచ్చి దాన్ని గుర్తుపట్టేసింది. అది ఆమె తల్లిగారు పెట్టినదట. ఎవరికిచ్చాడో చెప్పమంటే కొత్త పోరడు, ఎక్కినంక ఇస్తడు అన్నాడట మొగుడు. ఇంకా ఎక్కలేదా ఆ పోరడు అని ఇన్నేళ్లూ దెప్పుతూనే ఉందట ఆమె. భూపాల్ బండి చాటుకు పోయి నవ్వుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది సదయ్యకు. బోసినోటితో మెల్లగా నవ్వాడు. ఆ పొద్దటి షిఫ్టు ముగిసి ఇప్పుడే గని పైకొచ్చినట్టు, గిడియోన్‌ను కాళ్ల నుంచి తల దాకా చూసుకుని, దెబ్బేమీ తగల్లేదు కదా అని నిదానించుకుని అడిగాడు.

"ఎక్కినవా తమ్మీ?"

"ఎక్కిన అన్నా."

సదయ్య మూత తిప్పాడు. నీళ్లున్నాయని చూసి, తలెత్తి, సగం సీసా ఒక్క గుక్కలో తాగాడు. మూతి తుడుచుకుని, మిగతా సగం సారవ్వ చేతిలో పెట్టాడు.