తుమ్మచెక్క రంగు

రొయ్యపొట్టు వాసనంటే రోజారమణికి సిగ్గు లేదు. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టిన పిల్ల, ఊయలలో ఉన్నప్పటి నుంచీ ఆ వాసనే పీల్చింది. సిగ్గంతా నెల్లూరు కాలేజీలో ఆమె పరిశోధనకు గైడు సంజీవరావుది. ఆమె పొట్టు బకెట్‌తో ల్యాబ్‌లో అడుగు పెట్టిందంటే చాలు, ఆయన చేతిరుమాలు ముక్కు దగ్గరికి చేరేది.

"కంపెనీ పొడి తెప్పించుకోమ్మా. తెల్లగా ఉంటుంది, కంపు కొట్టదు."

"తెల్లగా ఉండడానికి నేనేమన్నా గోడకు సున్నం వేస్తున్నానా సార్?" అనేది రోజారమణి. నోటిదురుసు ఆమెకు తల్లి అంకాలమ్మ నుంచి వచ్చిన ఆస్తి.

అంకాలమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. అక్కడ పారబోసే పొట్టులోంచే కూతురు కైటోసాన్ అనే పదార్థం తీస్తుంది. దాన్ని వెనిగర్లో కరిగించి, నూకల గంజి కలిపి, గాజు పలకల మీద పలుచగా పోసి, ఆరాక పొరలా ఒలుస్తుంది. ఆ పొరతో సంచి చెయ్యాలి, చేపలు తెచ్చుకోవాలి, పారేస్తే అది మట్టిలో కలిసిపోవాలి. వలలో చేపల కంటే ప్లాస్టిక్ కవర్లే ఎక్కువగా పడే ఊరు ఆమెది. ఆ కసి ఆమెను వదల్లేదు.

పొర గట్టిదే. యంత్రం దవడల మధ్య బిగించి లాగితే బజారు కవరుకు దీటుగా నిలిచేది. చిక్కంతా నీళ్లతోనే. గ్లాసులో వేస్తే పూట తిరక్కుండానే జావ అయ్యేది. పదకొండు సార్లు పోసింది, పదకొండు సార్లూ జావే.

"డిసెంబరు రివ్యూలో కూడా కరిగిందంటే ఈ టాపిక్ మూసేద్దాం," అని సంజీవరావు తేల్చేశాడు. మూడేళ్ల పని అది. ఆయన మాత్రం అరటిపండు తిని తొక్క పారేసినంత తేలిగ్గా అన్నాడు.

ల్యాబ్ ఓవెన్‌లో పొరలు పగిలిపోతున్నాయని ఆమె వాటిని శనివారాలు ఇంటికి తెచ్చి నీడలో ఆరేసేది. సెప్టెంబరులో ఒక ఆదివారం తలస్నానం చేసి వచ్చేసరికి దండెం బోసిగా ఉంది. పెరట్లో తాత కామాక్షయ్య కాగు ముందు కూర్చుని, తుమ్మచెక్క వేసి కాచిన ఎర్రటి నీళ్లలో ఆరు పొరలనూ ఒక్కొక్కటిగా ముంచి తీస్తున్నాడు. ఊరంతా నైలాన్ వలలకు మారినా ఆయన తన నూలు వలను వదల్లేదు. పక్షానికోసారి దానికి ఈ రంగు పెట్టాల్సిందే.

"తాతా! ఏం పని చేసినావు?"

"నీళ్లల్లో కరిగిపోతా ఉండాదని ఏడస్తా ఉంటివి గదా పాపా. కొత్తది ఏదైనా నీళ్లల్లోకి దించేముందు రంగు పెట్టాల. అది గూడా తెలీకుండా ఏం చదువుతుండావో?"

రెండు వారాల పని మాడిన అప్పడంలా అయింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఉక్రోషంలో ఒక ముక్క చించి చెంబు నీళ్లలో పడేసి, "చూస్తా ఉండు, జావైపోతాది," అంది.

సోమవారం బస్సుకు వెళ్తూ చెంబులోకి చూసింది. ముక్క ముక్కలాగే ఉంది. తీసి లాగింది. తెగలేదు. బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది, ఆమె చెంబు ముందు కూర్చునే ఉంది.

ఆ తర్వాత ఇరవై సార్లు అదే పద్ధతిలో చేసింది. లాగింది, నానబెట్టింది, తూచింది. ఒక పూలకుండీలో ఊరి మట్టి నింపి, ఒక పక్క రంగు పెట్టిన తన పొర, ఒక పక్క బజారు కవరు ముక్క పాతిపెట్టింది. రిపోర్టులో రాసింది: 'తుమ్మచెక్క కషాయం. పద్ధతి: కామాక్షయ్య, జాలరి.'

సంజీవరావు ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "ఆ చెక్కలో ఉండేది టానిక్ ఆమ్లం. అదే రాసి, పక్కన దాన్ని అమ్మే కంపెనీ పేరు పెట్టు. 'మా తాత చెప్పాడు' అని నువ్వంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"కంపెనీ చెప్పలేదు గదా సార్. తాతే చెప్పినాడు."

"అయితే రివ్యూలో నా సాయం ఆశించకు."

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆమె అదే వాక్యం మళ్లీ టైపు చేసింది. ఆయన మళ్లీ కొట్టేశాడు.

రివ్యూ రోజు కిటికీ గొళ్లేనికి గోధుమరంగు సంచి వేలాడుతోంది. అందులో రెండు లీటర్ల సరస్సు నీళ్లు. పొద్దుటి నుంచి ఒక్క చుక్క కారలేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఏంజెలిన్ గారు సంచిని తట్టి చూసి తలాడించారు. అప్పుడు సంజీవరావు గొంతు సవరించుకున్నాడు.

"వలలకు ఈ రంగు పెట్టేదే కుళ్లకుండా ఉండడానికి. మరి నీ పొర మట్టిలో ఎలా కుళ్లుతుంది?"

ఆ ప్రశ్నను ఆయన నలుగురిలో అడగడానికే దాచుకున్నాడని రోజారమణికి అర్థమైంది. ఒళ్లు మండింది. వెళ్లి తలుపు తెరిచింది.

"తాతా, లోపలికి రా."

పొద్దుటి బస్సులో కుండీ ఒళ్లో పెట్టుకుని వచ్చిన కామాక్షయ్య, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. ప్రశ్న విని నవ్వాడు.

"రంగు ఒక్క పక్షమే సార్. మళ్లీ ముంచితేనే వల బతికేది. ముంచకుండా మూల పడేస్తే మట్టైపోతాది."

బల్ల మీద పేపరు పరిచి కుండీ బోర్లించాడు. అరవై రోజుల మట్టి. బజారు కవరు ముక్క పాతినప్పుడు ఎలా ఉందో అలాగే బయటపడింది. పొర కోసం ఏంజెలిన్ గారు మట్టంతా వేళ్లతో కెలికారు. నాలుగు గోధుమరంగు రవ్వలు దొరికాయి, పట్టుకుంటే అవీ నలిగిపోయాయి.

ముసలాయన అప్పటికే కిటికీ దగ్గర సంచిని బొటనవేలితో రుద్ది చూస్తున్నాడు. "ఒక్క ముంపే వేసినావు. తొందరపడినావు పాపా."

"ఎన్ని ముంపులు వెయ్యాలి తాతా?" అంటూ ఏంజెలిన్ గారు పెన్ను తెరిచారు.

రోజారమణి రిపోర్టు తీసింది. ఎర్ర గీత కింద అదే వాక్యాన్ని మూడోసారి, చేత్తో, అక్షరం అక్షరం ఒత్తి రాసింది. కాగితాన్ని సంజీవరావు ముందుకు జరిపింది.

"సంతకం, సార్."

గదిలో రొయ్యపొట్టు వాసన, సరస్సు వాసన, తడిమట్టి వాసన. చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టిన సంజీవరావు, అందరూ తననే చూస్తున్నారని గమనించి, పెన్ను తీశాడు.