మూడో గేరులో చప్పుడు

షెడ్ల వీధిలో ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్ళు. చెవులు పెద్దవని కాదు. వీధి మొదట్లో బండి మలుపు తిరుగుతుండగానే, చేతిలో పని ఆపకుండా, "దాని వెనక చక్రం బేరింగు పోయింది" అని చెప్పేసేవాడు. బండివాడు వచ్చి నోరు విప్పేలోగా రోగం పేరు బయటపడిపోయేది. ఇక గేర్‌బాక్సు పనంటే ఆయన తర్వాతే ఎవరైనా. అరవై దాటినా ఆ పేరు చెక్కుచెదరలేదు.

కాకపోతే ఆ షెడ్డులో ఇప్పుడు ఆయన ఒక్కడే. భార్య పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. పాతికేళ్ళు పక్కనే నిలబడి పనిచేసిన తమ్ముడు కిందటేడు ఒకరోజు పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. పెద్ద గొడవేమీ జరగలేదు. "నేను విడిగా పెట్టుకుంటున్నాను" అని కాగితం ముక్క మీద రాసి బల్ల మీద పెట్టాడు, అంతే. ఇంతోటి మాట ముఖాన చెప్పడానికి వీడికి నోరు రాలేదా అని మేస్త్రి మనసు కష్టపెట్టుకున్నాడు. వాడు రానిదే నేనెందుకు వెళ్ళాలని బిగుసుకు కూర్చున్నాడు. అలా ఏడాదిగా ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

మధ్యాహ్నం పనిబల్ల మీద ఒక మూల తుడుచుకుని అక్కడే తినేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళి టీవీ పెట్టుకునేవాడు. ఒకరోజు పక్కింటాయన కిటికీలోంచి చెయ్యి ఊపి, సౌండు తగ్గించమని సైగ చేశాడు. చాలాసేపటి నుంచి తలుపు కొడుతున్నాడట. ఈ కాలం మనుషులవి మరీ సున్నితమైన చెవులు అనుకుని మేస్త్రి తగ్గించాడు.

అలాంటి రోజుల్లో టీచరమ్మ బండి మళ్ళీ వచ్చింది. టీచరమ్మ అంటే బళ్ళో పాఠాలు చెప్పే ఆవిడ కాదు, కారు నడపడం నేర్పుతుంది. పక్క సీటు కింద తనకో బ్రేకూ, తనకో క్లచ్చీ పెట్టించుకున్న చిన్న కారు ఆవిడది. కొత్తవాళ్ళ చేతుల్లో నలిగి నలిగి దాని గేర్‌బాక్సు అరిగిపోతే, రెండు వారాల కిందట మేస్త్రి దాన్ని మొత్తం విప్పి, కొత్త సామాను వేసి కట్టి ఇచ్చాడు.

"మేస్త్రిగారూ, మూడో గేరు కొరుకుతోందండీ" అంది ఆవిడ దిగుతూనే.

"కొత్తగా కట్టింది కదమ్మా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది."

"పన్నెండు రోజులయింది. మొదట నేర్చుకునేవాళ్ళ తప్పే అనుకున్నాను. క్లచ్చి సగమే తొక్కుతున్నావని ఒకమ్మాయిని కసిరాను కూడా. పాపం, మర్నాటి నుంచి ఆ పిల్ల రావడం మానేసింది. తీరా నేను నడిపి చూస్తే నా చేతిలోనూ అదే గోల."

మేస్త్రి తాళాలు తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది. వీధి దాటి వెడల్పాటి రోడ్డెక్కాక రెండో గేరులోంచి మూడోదానిలోకి మామూలుగా, తేలిగ్గా, రెండు వేళ్ళతో వేశాడు.

"ఏదీ? సుబ్బరంగా పడింది."

"అయ్యో, ఇప్పుడేగా కరకరమంది!"

"అంటే నాకు వినపడదా అమ్మా?" అన్నాడు మేస్త్రి. ఆ మాటలో కాస్త గీర ఉంది. తన చెవిని దాటి చప్పుడు ఎక్కడికి పోతుందన్న ధీమా. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఏమీ లేదు. ఆవిడ మాత్రం ప్రతిసారీ పళ్ళు పులిసినట్టు ముఖం చిట్లించింది.

"పక్కకి ఆపండి, నేను నడుపుతాను" అంది. సీట్లు మారారు. ఆవిడ ఆయన చెయ్యి తీసి గేరు రాడ్డు మీద పెట్టి, తన చెయ్యి పైన వేసింది. కొత్తవాళ్ళకి రోజూ అలాగే చూపిస్తుంది కాబోలు. మూడో గేరు వేసింది.

అరచేతిలో తెలిసింది. ఎముక మీద ఆకురాయి పెట్టి గీసినట్టు ఒక అదురు రాడ్డులోంచి మణికట్టు దాకా పాకింది. రోడ్డు పక్కన నడిచిపోతున్న మనిషి తిరిగి చూశాడు. మేస్త్రి చెవిలో మాత్రం ఇంజను మొద్దు గురక తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు చప్పుడొచ్చిందా?" అని మెల్లిగా అడిగాడు.

"వచ్చిందండీ. బాగా వచ్చింది."

 బండి రెండు రోజులు వదిలేసి వెళ్ళమన్నాడు.

ఎంత దిగులున్నా చేతులకు పని తెలుసు. ముందు క్లచ్చి చూశాడు. క్లచ్చి పూర్తిగా విడవకపోతే గేర్లన్నీ కొరుకుతాయి, రివర్సు అన్నింటికన్నా ముందు గోల పెడుతుంది. ఇక్కడ రాడ్డు మీద చెయ్యి పెట్టి చూస్తే రివర్సు హాయిగా పడుతోంది. పెడలూ సరిగ్గానే ఉంది. తర్వాత ఆయిలు దించి రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. వెలుతురులో పెడితే పసుప్పచ్చటి సన్నటి పొడి మెరిసింది. ఇత్తడి. అయితే రోగం రింగుదే.

గేర్‌బాక్సులో షాఫ్టు ఒక వేగంతో, పళ్ళచక్రం ఇంకో వేగంతో తిరుగుతుంటాయి. రెండింటినీ కలిపే ముందు ఇత్తడి రింగు ఒకటి మధ్యలో పట్టుకుని వాటి వేగం సమం చేస్తుంది. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. అది జారిపోతే ఇద్దరూ కొట్టుకుంటారు.

గేర్‌బాక్సు దించడానికి పూట పట్టింది. ఇదివరకు ఒక కొస తను పడితే రెండో కొస తమ్ముడు పట్టేవాడు. ఇప్పుడు ఆ కొసకి తాడు కట్టి, జాకీ పెట్టి, అంగుళం అంగుళం దించుకున్నాడు. విప్పి, మూడో గేరు రింగు తీసి చూశాడు. కంటికి లక్షణంగా ఉంది.

రింగుని పరీక్షించడానికి ఆయనదొక పద్ధతి. వేలికి తగిలించి పానాతో మీటితే మంచి రింగు గంటలా మోగుతుంది. చీలిక ఉంటే చచ్చు శబ్దం వస్తుంది. రెండు వారాల కిందట కూడా ఒక్కోదాన్నీ అలాగే మీటాడు. ఏదీ మోగలేదు. ఈ కాలం ఇత్తడి ఇంతేలే అనుకుని వేసేశాడు.

ఇప్పుడు పెట్టెలో ఉన్నవన్నీ తీశాడు. కొత్తవి, పాతవి, ఎప్పుడో తమ్ముడు దాచినవి. వరసగా మీటాడు. ఒక్కటీ మోగలేదు. అన్నీ కర్రముక్కల్లా టక్కుమన్నాయి. అన్ని రింగులూ ఒక్కసారే చెడిపోవని ఆయనకు తెలుసు. పానా బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

చాలాసేపటికి లేచి, అనుమానం రింగుని కిరసనాయిల్లో ముంచి, తుడిచి, పైన సుద్దపొడి రాశాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడిగీత తేలింది. కొత్తగా వచ్చిన రింగే, చీలికతో వచ్చింది. మోగనని చెప్పే ఉంటుంది. వినేవాడు లేడు.

అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు వెళ్ళిపోయిన రోజు తను ఇటు తిరిగి ఆకురాయి పడుతున్నాడు. ఎందుకో వెనక్కి చూస్తే వాడు ముఖం ఎర్రగా చేసుకుని నిలబడి ఉన్నాడు. "ఏంట్రా అలా నిలబడిపోయావ్, పనేం లేదా?" అన్నాడు తను. ఆ తర్వాతే కాగితం. అంతకుముందు వాడేమైనా అన్నాడా? ఆ ఆలోచన వచ్చాక మేస్త్రికి అన్నం సయించలేదు.

మంచి రింగు వెతికి, అన్నింటికీ సుద్ద పరీక్ష చేసి, గేర్‌బాక్సు కట్టాడు. మూడోరోజు టీచరమ్మ నడిపింది. ఆయన రాడ్డు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"ఏమీ లేదండీ, చప్పుడే లేదు" అంది ఆవిడ సంతోషంగా.

"ఆ మానేసిన అమ్మాయికి చెప్పండమ్మా, తప్పు తనది కాదని. నాది. నాకు చెవులు వినపడటం లేదు." ఆ మాట ఆయన ఎవరితోనైనా అనడం అదే మొదలు.

"మొన్ననే అనుకున్నానండీ. మీరు నడుపుతూ, నేను మాట్లాడినప్పుడల్లా రోడ్డు వదిలేసి నా ముఖం చూశారు. పెద్దవారు, ఎలా చెప్పాలో తెలియలేదు."

ఆ మధ్యాహ్నమే షెడ్డుకి తాళం వేసి బస్సెక్కాడు. తమ్ముడి షెడ్డులో ఒక బండి కింద నుంచి రెండు కాళ్ళు కనబడ్డాయి. చెప్పులు చూసి పోల్చుకుని, చెప్పు మీద తట్టాడు. తమ్ముడు బయటికి జరిగి, అన్నని చూసి, లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆరోజు నన్నేమడిగావురా?"

"ఇప్పుడెందుకన్నయ్యా అదంతా?"

"చెప్పు. కాస్త గట్టిగా చెప్పు."

తమ్ముడికి పాత కోపం పొంగింది. గట్టిగానే చెప్పాడు. "విడిగా పెట్టుకుందామనుకుంటున్నాను, నువ్వేమంటావని అడిగాను. మూడుసార్లు అడిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి వెనక్కి తిరిగి, పనేం లేదా అన్నావు. పాతికేళ్ళు చేసినవాడికి అదా నువ్విచ్చే జవాబు?"

"శంఖమే ఊదావురా. నాకు వినపడలేదు."

"నీకా?" తమ్ముడు ఎగతాళిగా నవ్వాడు.

మేస్త్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఏదో ఒకటి అను. మామూలుగా అను."

గోడకి పాత టైర్లు ఆనించి ఉన్నాయి. వాటిని చూస్తూ ఉన్నాడు. వాడు అన్నాడో, అనలేదో, ఇంకా అంటున్నాడో తెలియలేదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగాయి. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే తమ్ముడి కళ్ళనిండా నీళ్ళు.

"ఏమన్నావురా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "ఏం లేదన్నయ్యా" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

తమ్ముడు తిరిగి రాలేదు. వాడి షెడ్డు వాడికి నిలదొక్కుకుంది, రమ్మని మేస్త్రి అడగనూ లేదు. కానీ చెవుల డాక్టరు దగ్గరికి వాడే తీసుకెళ్ళాడు. ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బల మధ్య ఉండటం వల్ల ఇలా అయిందని డాక్టరు చెప్పి, మిషను పెట్టాడు.

దాన్ని పెట్టుకుని ఇల్లు చేరిన మొదటి సాయంత్రం మేస్త్రికి వంటింట్లోంచి టప్పు టప్పుమని వినపడింది. వెళ్ళి చూస్తే కుళాయి కారుతోంది. కింద రాయి మీద పచ్చటి మరక కట్టింది, ఎన్నాళ్ళుగా కారుతోందో. వాషరు మార్చి బిగించాడు. చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఇంట్లో వినడానికి ఏమీ మిగల్లేదు. కుర్చీలో కాసేపు కూర్చుని, తమ్ముడికి ఫోను చేశాడు.

"ఏంటన్నయ్యా, ఏమైంది?"

"ఏం లేదురా. కుళాయి వాషరు మార్చాను."

"ఏ కుళాయి?"

"వంటింట్లోది" అన్నాడు మేస్త్రి. ఆ కుళాయి ఎలా కారిందో, పాత వాషరు ఎలా ముక్కలైందో, దాన్ని ఏ పానాతో విప్పాడో మొదటి నుంచి చెప్పసాగాడు. అవతల తమ్ముడు ఊఁ కొడుతూ ఉన్నాడు.