పోయేటప్పుడు చల్లగా, వచ్చేటప్పుడు వేడిగా

మా ఆయన తేజస్ ఏ వస్తువు కొన్నా దానికి పని వెతికిపెట్టే బాధ్యత నాది. పోయిన ఎండాకాలం కారులో పెట్టుకునే చిన్న కరెంటు పెట్టె ఒకటి తెచ్చాడు. పక్కన మీట ఉంటుంది. ఒకవైపు నొక్కితే లోపల చల్లబడుతుంది, ఇంకోవైపు నొక్కితే వేడెక్కుతుంది. దాని వైరు కారులో ఫోను చార్జింగు పెట్టుకునే చోట గుచ్చాలి. ఇక మనం దారిలో ఎక్కడా ఆగే పనే లేదన్నాడు. దారిలో ఆగడానికే కదా బయల్దేరేది అన్నాను. వినపడనట్టు మూత తీసి చూపించాడు.

మొదటిసారి లేపాక్షికి పోయినప్పుడే గొడవ వచ్చింది. పెట్టె ఒకటి, మీట ఒకటి. తేజస్‌కు చల్లటి నీళ్ళు కావాలి. మా మామగారు గురుమూర్తి వేడినీళ్ళు తప్ప తాగరు. ఒకే పెట్టె రెండు పనులూ ఒకేసారి చేయదని కొనేముందు చూసుకోవాల్సింది. చూసుకుంటే ఆయన తేజస్ ఎందుకవుతాడు. దేవనహళ్ళి నుంచి చిక్కబళ్ళాపురం దాకా తండ్రీకొడుకులు మర్యాదగా పోట్లాడుకున్నారు. చివరికి మామగారే తీర్పు చెప్పారు: పోయేటప్పుడు చల్లగా, వచ్చేటప్పుడు వేడిగా. ఆయన కదిరి బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఒకసారి టైము వేశాక బస్సులో మనిషి లేకపోయినా ఆ టైముకు కదలాల్సిందే. అప్పటినుంచి నంది హిల్స్‌కు పోయినా, కోలారుకు పోయినా, వెనకసీట్లో పెట్టె పక్కన ఆయనే కూర్చునేవారు. తిరుగు ప్రయాణంలో కారు కదలగానే మీట ఆయనే మార్చేవారు.

ఇక పెరుగు సంగతి. మా అత్తగారు సుబ్బలక్ష్మమ్మ పోయాక మామగారిని బెంగళూరు హూడిలో మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. ఆయన ఒక సూట్‌కేసు, ఒక స్టీలు గిన్నె తెచ్చుకున్నారు. గిన్నెలో మా అత్తగారి ఇంటి పెరుగు ఉంది. నేను రోజూ అందులోంచి చెంచాడు తీసి పాలలో తోడు వేసేదాన్ని, మర్నాటికి మళ్ళీ చెంచాడు పక్కన ఉంచేదాన్ని. ఏడాది పాటు అలా నడిచింది. ఒకరోజు తేజస్ ఎండలో ఇంటికొచ్చి, ఉన్న పెరుగులోనూ, పక్కన ఉంచిన తోడులోనూ నీళ్ళు పోసి, ఉప్పేసుకుని తాగేశాడు. మిగిలిపోయిన మజ్జిగ అనుకున్నాడట. గిన్నె సింకులో కూడా వేశాడు. ఇంట్లో ఆయన గిన్నె సింకులో వేయడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మామగారు కొడుకును ఏమీ అనలేదు. ఆరోజు నుంచి చారన్నం తిని లేచిపోవడం మొదలుపెట్టారు. ప్యాకెట్ పెరుగు వేస్తే ఒక ముద్ద తిని, "బాగుండాది" అని కంచం పక్కకు జరిపారు. మావాళ్ళలో పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టు కాదు. ఇంటర్వెల్లో లేచి వచ్చేసిన మనిషిలా రోజూ ఆయన అలా చెయ్యి కడుక్కుంటుంటే చూడలేకపోయేదాన్ని. ప్యాంట్లు వదులైపోయాయి. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, జబ్బేమీ లేదు, బాగా తినమనండి అన్నాడు. అది మాకూ తెలుసు. పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుని కింద పోయే ఆఫీసు బస్సులు చూసేవారు. ఎవరితోనూ మాట లేదు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే అంతస్తుల నంబర్లు చూసేవారు. నాకు నిజంగా భయం వేసింది. ఆ మనిషి మళ్ళీ కడుపునిండా పెరుగన్నం తింటే చాలు, నాకింకేమీ వద్దనుకున్నాను.

ఒకరోజు ఆయనే చెప్పారు. కదిరిలో తమ ఎదురింట్లో ఉండే రత్నమ్మ ఇప్పుడు అత్తిబెలెలో కొడుకు దగ్గర ఉంటోందట. కొడుకు అక్కడే ఫ్యాక్టరీలో పని. "మీ అత్త తోడు రత్నమ్మ కాడ ఉండాది" అన్నారు. ఆ వాక్యం చెప్పడానికి రెండు నెలలు ఎందుకు ఆగారో నాకు తెలియదు.

హూడి నుంచి అత్తిబెలె ఊరు దాటడం కూడా కాదు, కానీ బెంగళూరులో అది ప్రయాణం కిందికే వస్తుంది. తేజస్ పెట్టె తీశాడు. నాన్న తోడు తను తాగేశాడు కాబట్టి తనే చల్లగా తీసుకొస్తానన్నాడు. ముందే చల్లబడి ఉండాలని, పోయేటప్పుడు ఖాళీ పెట్టెనే చల్లబరుచుకుంటూ పోయాం. వెనకసీట్లో మామగారు ఖాళీ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర కారు చాలాసేపు నిలబడిపోయినా ఆయన ఏమీ అనలేదు. ఆలస్యమైన బస్సును ఆయన ఏమీ అనకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

రత్నమ్మ ఇంటిముందు రెండు మెట్లున్నాయి. ఆమె లోపల కుర్చీ వేసినా మామగారు లోపలికి రాలేదు, మెట్టు మీదే కూర్చున్నారు. కూర్చుని మాట్లాడారు. కదిరి నుంచి పులివెందుల బస్సు గురించి, దాని డ్రైవరు అల్లుడి గురించి, ఆ అల్లుడి కోళ్ళఫారం గురించి మాట్లాడారు. దారినపోయే ఒక ముసలాయన ఆగి కన్నడంలో ఏదో అడిగితే ఆయనకూ జవాబిచ్చారు. నవ్వారు కూడా. తేజస్ నావైపు చూశాడు. నేను రత్నమ్మ పెట్టిన ఉగ్గాని తింటూ, తోడు దొరికిన సంతోషమే అనుకున్నాను.

రత్నమ్మ గిన్నెలో తోడు వేసి మూతపెట్టి ఇచ్చింది. తేజస్ దాన్ని రెండు చేతులతో తీసుకుపోయి పెట్టెలో పెట్టి, వైరు సరిచూసుకుని కారు తీశాడు. చందాపుర దగ్గర మళ్ళీ ఆగాం. అంత ఎండలో బయట లారీలు పొగలు కక్కుతుంటే, చూశావా, పెట్టె లేకపోతే ఈపాటికి పులిసిపోయేది అని తేజస్ నాతో అన్నాడు. నేను కూడా అవునన్నాను. ఆ పెట్టెను నేను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మూత తీస్తే ఆవిరి వచ్చింది. గిన్నె చేత్తో పట్టుకోలేకపోయాను. లోపల పచ్చటి నీళ్ళు, వాటిలో తెల్లటి పలుకులు.

"మీట ఎవరు మార్చింది?" అన్నాడు తేజస్.

"నేనే" అన్నారు మామగారు. "వచ్చేటప్పుడు వేడి కదా. మనం అట్లనే అనుకుంటిమి కదప్పా."

తను అన్నది తనకే అర్థమవుతున్నట్టు ఆయన పెట్టెవైపు, గిన్నెవైపు, మళ్ళీ పెట్టెవైపు చూశారు. అన్ని బస్సులకూ సరిగ్గా టైము వేసిన మనిషి, తను ఎక్కాల్సిన బస్సును తనే పంపించేశారు. తేజస్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేనైతే వంటింట్లోకి పోయి పాలు కాచాను. ఆ పలుకుల్లోనే ఏదైనా ప్రాణముందేమోనని గోరువెచ్చటి పాలలో వేసి చూశాను. తెల్లారి పాలు పాలలాగే ఉన్నాయి. మామగారు వచ్చి మూత ఎత్తి చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

నేను రత్నమ్మకు ఫోను చేశాను. జరిగింది చెప్పి, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాం, అత్తయ్య తోడు ఇంకొంచెం దాచిపెట్టమని బతిమాలాను. అది సుబ్బక్క తోడని నీకెవరు చెప్పినారు అని ఆమె అడిగింది. వాళ్ళ వీధిలో తోడు ఒక ఇంటిది కాదట. ఒకరోజు ఈ ఇంట్లోంచి ఆ ఇంటికి, ఒకరోజు ఆ ఇంట్లోంచి ఈ ఇంటికి పోయేదట. అందరికన్నా ఎక్కువసార్లు అడిగి తీసుకుపోయింది మా అత్తగారేనట. గిన్నె పట్టుకుని వచ్చేది మాత్రం మామగారట. ఆవిడకు అంత మతిమరుపు ఉండేదా అన్నాను.

"మీ అత్తకు మతిమరుపు ఏమీ లేదు వరూధినమ్మా" అంది రత్నమ్మ. "రిటైరయినాక గురుమూర్తన్న ఇంట్లో గోడ చూస్తా కూర్చునేవాడు. అది చూడలేక అక్క పెరుగంతా ఊడ్చేసి, తోడు లేదు, పోయి తెండి అనేది. సుమ్నే, ఊరికే పంపించేది. ఆయన వచ్చి మెట్టు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా లేచేవాడు కాదు. నాకు చెప్పే చేసేది."

ఫోను పెట్టేసి ఏడ్చాను. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడ పెరుగు రుచి గురించి వినీ వినీ విసుక్కున్నాను. ఇప్పుడు ఆవిడ తెలివి చూస్తే కుళ్ళు పుట్టింది. ఏడాది పాటు నేను చెంచాడు చెంచాడు జాగ్రత్తగా దాచి ఆయనను ఎవరి గడపా తొక్కకుండా చేశాను.

సాయంత్రం మామగారి దగ్గరికి పోయి, పాలు కాగాయి, తోడు లేదు, ఎదురు ఫ్లాటులో జెస్సీని అడిగి తెస్తారా అన్నాను. ఆయన నన్ను కాదు, గడియారాన్ని చూశారు. మావాళ్ళలో దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు, అడగరు. ఇంకా టైముంది. గిన్నె తీసుకుని లేచారు.

తర్వాత జరిగింది జెస్సీ చెప్పింది. ఆమెది గుంటూరు, సాఫ్ట్‌వేరు పని, ఇంట్లోంచే చేస్తుంది. తలుపు తీయగానే మామగారు గిన్నె చూపించి, దీపం పెట్టినారామ్మా అని అడిగారట. వాళ్ళు చర్చికి పోయే మనుషులు. దేని గురించి అడుగుతున్నారో తెలియక, ట్యూబులైటు పొద్దుటినుంచీ వెలుగుతూనే ఉందండీ, మాకు వెలుతురు తక్కువ అందట. మామగారు నిలబడి ఆలోచించి, ట్యూబులైటు లెక్కలోకి రాదని తీర్పిచ్చారట. ఆమె ప్యాకెట్ పెరుగుతోనే తోడు వేసుకుంటానని ముందే చెప్పింది. ఆయన పర్వాలేదన్నారు. తేజస్ ఆఫీసు నుంచి వచ్చేసరికి కూడా మామగారు ఇంటికి రాలేదు. వచ్చాక, ఆ పిల్లకు గుంటూరులో తెనాలి బస్సులు ఎక్కడ ఆగుతాయో కూడా తెలియదని మాకు చెప్పి బాధపడ్డారు.

మర్నాడు చారన్నం అయ్యాక ఆయన లేవలేదు. కంచం నావైపు జరిపారు. నేను పెరుగు వేశాను. తిన్నారు. ఇంకొంచెం వెయ్యమన్నారు. తేజస్ నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. నేను ఒక గరిటె వెయ్యబోయి రెండు వేశాను.

ఆ మధ్యాహ్నం, మిగిలిన పెరుగంతా నేనే తినేశాను. అంత పెరుగు తినడం అలవాటు లేక కడుపు బరువెక్కింది. గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి, పొద్దు వాలాక బాల్కనీలోకి పోయి, మరిచిపోయాను మామయ్యా, మళ్ళీ తోడు లేకుండా పోయింది అన్నాను.

ఆయన వంటింట్లోకి వచ్చి గిన్నె తిరగేసి చూశారు. తళతళలాడుతోంది.

"మీ అత్త ఎప్పుడూ తోమేది కాదమ్మా" అన్నారు. "అంచుకు కొంచెం అంటించి పెట్టేది. మరిచిపోయినట్టు కనపడాల కదా."

గిన్నె చేత పట్టుకుని, గడియారం చూసుకుని, చెప్పులు వేసుకుని ఎదురు తలుపు బెల్లు నొక్కారు.