అల లేని చోటు

ఏడో ట్రంకు పెట్టె పైకెక్కించేసరికి బయ్యప్ప పంచె తడిసి తొడలకు అతుక్కుపోయింది. చింతామణి సత్రం ముందు ఆగిన యాత్రా బస్సు నెత్తిన నిలబడి, ఒక కాలితో బిందెల మూటను మూలకు తోస్తూ, రెండు చేతులతో మోకు బిగిస్తున్నాడు. అరవై దాటిన మనిషి. చేతులు మోకాళ్లను తాకేటంత పొడవు. అలాంటి చేతులుంటే ఆజానుబాహువని పురాణాల్లో రాజులను పొగుడుతారు. బయ్యప్పకు మాత్రం అవి కింది నుంచి మూటలు అందుకోవడానికే పనికొచ్చాయి.

పద్నాలుగేళ్లుగా అతనిది ఇదే కొలువు. దసరా సెలవులు రాగానే కైవారం, గుడిబండె, బాగేపల్లి చుట్టుపక్కల సంసారాలన్నీ పిల్లాజెల్లాతో చింతామణిలో చేరతాయి. బస్సు మండపం దాకా పోతుంది. అక్కడినుంచి రైలెక్కి, సముద్రం మీది వంతెన దాటి, రామేశ్వరం ద్వీపంలో దిగుతారు. స్వామి దర్శనం ఒక పూట, సముద్రంలో ఆటలు మూడు పూటలు. పెద్దవాళ్లు పుణ్యం కోసమంటారు కానీ, పిల్లలకు ఆ ముచ్చట లేదు. వాళ్లకు కావలసింది నీళ్లు.

బయ్యప్పకు జీతం ఇచ్చేది మూటలు మోసినందుకు. అతను చేసే అసలు పనికి పేరు లేదు. ద్వీపంలో దిగగానే అందరికంటే ముందు ఒడ్డుకు పోతాడు. చంకలో ఇంటినుంచి తెచ్చుకున్న వరిగడ్డి కట్ట. పిడికెడు గడ్డి నీళ్లమీద విసిరి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తాడు. నూరు లెక్కపెట్టేలోగా గడ్డి తిరిగి తన కాళ్ల దగ్గరికి వస్తే మంచి చోటు. పక్కకు జరిగితే ఇంకో చోట చూస్తాడు. లోపలికి పోతే ఆ చోటికి వీపు తిప్పి నడుస్తాడు, తిట్టుకుంటూ. మంచి చోటు దొరికాక నడుము లోతున దిగి, సముద్రానికి వీపు పెట్టి, చేతులు చాచి నిలబడతాడు. 'బయ్యప్పను దాటొద్దు' అన్నది ఒక్కటే పిల్లలకు చట్టం. ఇన్నేళ్లలో ఒక్క బిడ్డకు ముక్కులోకి నీళ్లు పోయి దగ్గు రావడం తప్ప మరో అపాయం జరగలేదు. జరగనిదానికి ఎవరు దండం పెడతారు?

"బయ్యప్పా, దిగు. ఇది చూడు." కింద కోదండరామ శెట్టి, చేతిలో కరపత్రాల కట్ట. బస్సు ఆయనదే. తండ్రి పోయి ఏడాదైంది. ముప్ఫై ఏళ్లవాడు, అత్తరు పూసుకుని వచ్చాడు.

బయ్యప్ప నిచ్చెన దిగి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అతనికి చదువు రాదని తెలిసి కూడా శెట్టి ఒక కాగితం అందించాడు. "ఈసారి గుడి ముందర రేవులో కాదు. అక్కడ జనం, బురద. నేను పోయిన నెల పోయి కొత్త చోటు చూసి వచ్చినా. ద్వీపానికి దక్షిణం పక్క. తెల్లటి ఇసుక. రెండు పక్కలా అలలు విరగతాండాయి. నడుమ ఇరవై బారల వెడల్పున ఒక్క అలా లేదు. నిండు కుండ తొణకదంటారే, అట్లుండాది. పిల్లోళ్లను దింపను ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతాది?"

బయ్యప్ప కాగితం వంక చూడలేదు. శెట్టి మొహం వంక చూశాడు. "నడుమ నీళ్లు నల్లగా ఉండాయా?"

"కొంచెం నల్లగానే ఉండాయి."

"నువ్వు దిగినావా?"

"నాకు జలుబు. ఒడ్డున కూర్చుని చూసినా."

"ఆ జలుబుకు దండం పెట్టుకో శెట్టప్పా. దిగింటే తిరిగొచ్చేవాడివి కాదు. అది సముద్రం నీళ్లు లోపలికి లాక్కునే దారి. నేను మూడు తావుల్లో చూసినా. గడ్డేస్తే బాణం మాదిరి పోతాది. పిల్లోళ్లను ఆడ దింపకూడదు."

శెట్టి నవ్వాడు. పక్కనే నిలబడ్డ డ్రైవరు కూడా, యజమాని నవ్వాడు కాబట్టి నవ్వాడు. "మన సీమలో సముద్రమే లేదు. నీవు సముద్రానికి పండితుడివా? ఈ కరపత్రం చూసే ఈసారి జనం ఇంతమంది వచ్చినారు. పద్దెనిమిది మంది పిల్లోళ్లు. మోతగానివి, మోతగాని మాదిరి ఉండు."

"మోసినందుకు పద్నాలుగేండ్లు నీ నాయన దగ్గర కూలి తీసుకున్నా. చూసినందుకు తీసుకోలేదు. చూసేది నా ఇష్టం, చెప్పేది నా ఇష్టం."

శెట్టి ఆ మాట చెవిన వేసుకోకుండా సత్రంలోకి పోయాడు. బయ్యప్ప మిగిలిన మూటలను అలాగే వదిలి, గడ్డికట్ట చంకన పెట్టుకుని, ఊరి బయటి చెరువు వైపు నడిచాడు. పని నడుమ వదిలి పోవడం అతని జీవితంలో ఇదే మొదటిసారి.

చెరువు కట్ట కింద రాళ్ల మీద యశోదమ్మ మనవరాళ్ల పావడాలు ఉతుకుతోంది. కైవారం రెడ్ల ఇంటి పెద్దామె. నాలుగుసార్లు యాత్రకు వచ్చింది. బస్సులో ఆడవాళ్లంతా ఆమె మాట మీదే లేస్తారు, కూర్చుంటారు. ముగ్గురు పిల్లలు ఆమె పక్కన మోకాళ్ల లోతు నీళ్లలో చిందులేస్తున్నారు.

"అమ్మా, ఒక మాట." బయ్యప్ప శెట్టి చెప్పిందంతా చెప్పాడు.

యశోదమ్మ పావడా పిండుతూ విన్నది. "అల లేకుంటే మంచిదే కదప్పా. అలలంటేనే మాకు బయం. పోయినసారి చిన్నదాన్ని పడేసినాయి కూడా."

తప్పు ఆమెది కాదు. మెట్టసీమ వాళ్ల కళ్లు అలా అలవాటు పడ్డాయి. చప్పుడు చేసే నీళ్లను చూస్తే భయం, ఊరుకున్న నీళ్లను చూస్తే ధైర్యం. బయ్యప్ప కట్ట ఎక్కి, తూము మీదికి నడిచాడు. వరిమళ్లకని తూము తెరిచి ఉంది. తూము దగ్గర రెండు రాతి కంబాలు, వాటి నడుమ నీళ్లు అద్దంలా ఉన్నాయి. పిడికెడు గడ్డి ఆమె చూస్తుండగా వేశాడు. గడ్డి ఒక్క క్షణం నిలిచి, మెల్లగా గుండ్రంగా తిరిగి, కంబాల నడుమ మాయమైంది.

"ఈ కంబాల కాడికి మీ మనవరాళ్లను పోనిస్తావా?"

"తూము కాడికి ఎవరు పోనిస్తారప్పా? మతి ఉండేవాళ్లెవరూ పోనియ్యరు."

"సముద్రానికీ తూములుంటాయమ్మా. కాకపోతే దానికి కంబాలు నాటి ఉండవు."

యశోదమ్మ చేతిలో పావడా అలాగే ఆగిపోయింది. బయ్యప్ప కట్ట మీద గొంతుకు కూర్చున్నాడు. ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. అతని నాయన గుడిబండె పక్క పల్లెలో నీరుగంటి, చెరువు తూము తీసి మూసే మనిషి. బయ్యప్పకు పదేళ్లప్పుడు నాయన తూము తీసి వరిమళ్ల మీదికి పోయాడు. చెల్లెలు నీళ్లాడతానంటే, గట్టుపక్క అలలు కొడుతున్నాయని, తూము పక్క నీళ్లు నున్నగా ఉన్నాయని, ఆ చోటు చూపించింది బయ్యప్పే.

"దాని పేరు కాంచన. నేను చూపించిన చోట్లోనే దిగింది." అంతవరకే చెప్పి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. యాభై ఏళ్లయినా ఆ ఏడుపు ఎక్కడికీ పోలేదు. యశోదమ్మ ఓదార్చలేదు. మనవరాళ్లను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి ఒడ్డుకు లాగింది.

మూడున్నరకు ముహూర్తం. రాహుకాలం పోయింది. బస్సు ముందర పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బయ్యప్ప తిరిగొచ్చి మిగిలిన మూటలూ ఎక్కించాడు. అందరూ ఎక్కి కూర్చున్నారు. శెట్టి బూడిదగుమ్మడి మీద కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పుతుంటే, కిటికీలోంచి యశోదమ్మ గొంతు వినబడింది.

"శెట్టప్పా, పిల్లోళ్లను యాడ దింపుతావో చెప్పి గుమ్మడికాయ కొట్టు."

శెట్టి గడుసువాడు. మండుతున్న కర్పూరాన్ని పళ్లెంలోకి జారవిడిచి, గుమ్మడికాయ ఎత్తి బస్సు మెట్టు ముందర ఫెడీమని కొట్టాడు. ఎర్రటి కుంకుమ, తెల్లటి గుజ్జు నేలంతా చిమ్మింది. దిష్టి తీశాక బస్సు దిగరాదు. దిగితే యాత్ర చెడుతుందని ఆ తాలూకాల్లో పాలు తాగే బిడ్డకూ తెలుసు. కిటికీల్లోంచి తొంగిచూస్తున్న తలలన్నీ లోపలికి పోయాయి. శెట్టి డ్రైవరుకు సైగ చేశాడు.

ఇంజను మోగింది. బయ్యప్ప వెనక నిచ్చెన దగ్గరున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. పద్దెనిమిది మంది పిల్లలు ఆ నల్లటి నీళ్లలోకి నవ్వుతూ దిగడం కళ్లకు కట్టింది. ఎలా నడిచాడో తెలియదు, బస్సు మూతి ముందుకొచ్చి, చేతులు రెండూ చాచి నిలబడ్డాడు.

"జరుగు!" శెట్టి అరిచాడు.

"జరగను. తొక్కించుకుని పో."

"పిచ్చి పట్టిందా నీకు? డ్రైవరూ, పోనియ్యి!"

డ్రైవరు పోనివ్వలేదు. అప్పుడు బస్సు తలుపు తెరుచుకుంది. యశోదమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గుమ్మడి గుజ్జులో అడుగుపెట్టి దిగింది. లోపల ఎవరో "అమ్మా, వద్దు" అన్నారు. ఆమె వెనక ముగ్గురు మనవరాళ్లు, ఒకరి పావడా ఒకరు పట్టుకుని.

"దిగరాదు కదమ్మా!" శెట్టి గొంతు కీచుమంది. "అపశకునం!"

"దిగినాను కదా. ఏం మునిగింది? నేలమీద ఎవరూ మునగరు. మునిగేది నీవు చూసొచ్చిన చోట్లో." ఆమె కిటికీల వైపు తిరిగింది. "బిడ్డలుండేవాళ్లు దిగండి."

మొదట ఎవరూ కదల్లేదు. తరువాత బాగేపల్లి ఆమె చంటిదాన్ని ఎత్తుకుని దిగింది. ఆ వెనక ఇద్దరు. ఆ వెనక లెక్క తప్పింది. శకునం విరిగిపోయింది కాబట్టి ఇక దిగడానికి భయం లేదు. పిల్లలు గుజ్జులో జారుతూ, కేరింతలు కొడుతూ దిగారు. బస్సులో మగవాళ్లు మాత్రమే మిగిలి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

శెట్టి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సరే తల్లీ. గుడి ముందర రేవులోనే దింపుతా. చాలునా?"

"కర్పూరం మీద చెయ్యి పెట్టి చెప్పు."

పళ్లెంలో కర్పూరం ఇంకా మండుతూనే ఉంది. శెట్టి చెయ్యి పెట్టి ఆర్పాడు, ఒట్టు వేశాడు. తరువాత బయ్యప్ప వైపు వేలు చూపించాడు. "ఈడు మాత్రం నా బస్సు ఎక్కకూడదు. ఈ పొద్దే కాదు, ఎప్పుడూ."

యశోదమ్మ ఏదో అనబోయింది. బయ్యప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. అతనికి బాధ కలగకపోలేదు. సముద్రం మళ్లీ చూడనన్న మాట గుండెలో గుచ్చుకుంది. అయినా ఆ బాధ కంటే పెద్దదేదో ఛాతీ నిండా నిలిచి ఉంది. "నాకు చోటెందుకమ్మా? పిల్లోళ్లకు చోటు దొరికింది, అది చాలు." గడ్డికట్ట ఆమె చేతిలో పెట్టాడు. "ఐదు తావుల్లో ఎయ్యి. నూరు లెక్కపెట్టు. తిరిగిచ్చే నీళ్లనే నమ్ము. నడుము లోతున ఎవరన్నా పెద్దోళ్లు సముద్రానికి వీపు పెట్టి నిలబడాల. అది మరిచిపోవద్దు."

"నేనే నిలబడతా" అన్నది యశోదమ్మ.

అందరూ మళ్లీ ఎక్కాక, బస్సు కదిలే ముందు బయ్యప్ప వెనక నిచ్చెన ఎక్కి మోకులు మరోసారి బిగించాడు. ఎక్కకూడదని చెప్పిన శెట్టి అది చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. మూటలు జారితే నష్టం ఆయనకే. బయ్యప్ప దిగి, బస్సు వెనక రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. బస్సు పోయింది. దుమ్ము సర్దుకునేదాకా నిలబడి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గుడిబండె బస్సుకు ఇంకా గంట ఉంది. నడిచే పోదామనుకున్నాడు.

అడుగు వెయ్యబోతూ చూశాడు. గుమ్మడి గుజ్జులో ఒక చెప్పు. ఐదారేళ్ల పిల్లది. దిగేటప్పుడో ఎక్కేటప్పుడో జారిపోయి ఉంటుంది. బయ్యప్ప దాన్ని పంచె చెంగుతో తుడిచాడు. "ఇసుకలో దీంతో ఏం పని? వచ్చినాక తీసుకుంటాది" అని పైకే అనుకుని, సత్రం గోడ మీద అందరికీ కనబడేచోట పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఎండ వాలిన గోడ మీద, అడుగున ఒక గుమ్మడి గింజ అంటుకుని, ఎర్రటి చిన్న చెప్పు మాత్రం ఉండిపోయింది.