రొయ్య గీత

లైటు పెట్టెలో జెల్ ముక్క మీద తన రొయ్యల వరుస ఖాళీగా కనబడగానే హజరత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వైరస్ ఉంటే అక్కడ గీత వెలుగుతుందని ఆయనకు తెలుసు. గీత లేదు. ఇంకేం కావాలి?

"నే చెప్పలా లిల్లమ్మా! కామాక్షయ్యకు ఫోన్‌జేసి లేదని ఒక్క మాట చెప్పు, ఈడనించే."

లిల్లీ ఫోను తీయలేదు. కోట ఊళ్లో రొయ్యల పరీక్షల ల్యాబు పెట్టినప్పటి నుంచి ఆమెకున్న చెడ్డ అలవాటు అదే, తొందరపెట్టిన కొద్దీ నెమ్మదిస్తుంది.

ఆ రోజు తెల్లవారుజామునే హజరత్తయ్య గుంటలోంచి మేత ట్రే పైకి లాగితే కొన్ని రొయ్యల పెంకుల మీద తెల్ల మచ్చలు కనబడ్డాయి. తెల్లమచ్చ వైరస్ అన్న మాట గుంట కట్ట దాటాక ఆగుతుందా? ఆ చుట్టుపక్కల గుంటలన్నిటికీ నీళ్లు ఒకే కాలువ నుంచి వస్తాయి. వైరస్ ఒక గుంటలో ఉంటే అన్నీ ఊడ్చిపెట్టుకుపోతాయి. పక్క గుంట కామాక్షయ్య నలుగురినీ వెంటేసుకొచ్చి బ్లీచింగ్ మూటలు హజరత్తయ్య కట్ట మీదే దించాడు. పొద్దుగూకేలోపు వైరస్ లేదని ల్యాబులో తేలితే సరే, తేలకపోతే మూటలన్నీ గుంటలో కుమ్మరించి బతికున్న రొయ్యలన్నిటినీ చంపేయాలి. హజరత్తయ్య తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు!

"వైరస్ గీత రాలేదు, నిజమే పెదనాన్నా. రొయ్య గీత గూడా రాలేదు గదా," అంది లిల్లీ.

"రొయ్య గీతేంది మళ్లీ?"

లిల్లీ ఓపిగ్గా చెప్పింది. ఏ కణమైనా రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది. ఆ చాకిరీ అంతా ప్రోటీన్లది. ఒకటి పేనిన తాడులాంటి డీఎన్ఏను విప్పుతుంది, ఒకటి విప్పిన పోగుకు జత పోగు అల్లుతుంది, ఇంకొకటి తెగినచోట అతుకుతుంది. తెల్లమచ్చ వైరస్ మహా టక్కరిది. నకలు అల్లే ప్రోటీను ఎట్లా తయారుచేయాలో ఆ కిటుకు మాత్రం వెంట తెచ్చుకుని, కావలసిన మిగతా సరంజామా రొయ్య కణం దగ్గరే కాజేస్తుంది. ఇంటివాళ్ల పొయ్యి మీద తన వంట వండుకోవడమన్నమాట. ల్యాబు గొట్టంలో జరిగేదీ అదే నకలు పని. తాడు విప్పే పని వేడి చేస్తుంది, జత పోగు అల్లే పని లిల్లీ వేసిన ప్రోటీను చేస్తుంది. వైరస్ ఉంటే దాని నకళ్లు పేరుకుని జెల్ మీద ఒక గీతగా వెలుగుతాయి, రొయ్య సొంత డీఎన్ఏ నకళ్లు ఇంకో గీతగా. వైరస్ ఉన్నా లేకున్నా రొయ్యనే నూరి వేశాక రొయ్య గీత రాకుండా ఎట్లా పోతుంది?

"రాలేదంటే నా ప్రోటీను పనే చెయ్యలేదు. లేదనీ చెప్పలేను, ఉందనీ చెప్పలేను."

హజరత్తయ్య మొహం మాడిపోయింది. "మిషను లేదంటుంటే నీకేంది తల్లీ నొప్పి? మా కడుపు గొట్టబాక."

ఆ మాట లిల్లీకి గుచ్చుకుంది. అయినా పక్కనే ఉన్న వరుసలో, వైరస్ ఉందని ముందే తెలిసిన నమూనాలో, గీత చక్కగా వెలుగుతోంది. అక్కడ పనిచేసిన ప్రోటీనుకు ఇక్కడేం రోగమొచ్చింది? ఆమె బల్ల మీద కూర్చున్న పిచ్చమ్మ వైపు తిరిగింది. పొద్దున ఆటోలో రొయ్యల డబ్బా తెచ్చింది హజరత్తయ్య భార్య పిచ్చమ్మే.

"పెద్దమ్మా, రొయ్యల్ని ఎట్ట తెచ్చినావు?"

"శుభ్రంగా తెచ్చినా. ఆటోలో నలుగురు కూర్చోనుంటారు, నీచు కంపు గొడితే మర్యాదా? ఉప్పూ పసుపూ బాగా పట్టించి, కాసేపుంచి, కడిగి డబ్బాలో ఏసినా."

లిల్లీ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. రొయ్య తలలో కొవ్వు ఎటూ పచ్చగానే ఉంటుంది గనుక నూరేటప్పుడు పసుపును ఆమె కనిపెట్టలేకపోయింది. కూరకు సిద్ధమైన రొయ్యలో ఆ సుకుమారపు ప్రోటీను పనిచేయమంటే ఎట్లా చేస్తుంది?

లిల్లీ గుంట దగ్గరికి పోతే కామాక్షయ్య కట్టకు అడ్డంగా నిలబడ్డాడు. "ఉందా, లేదా?"

"తెలీదన్నా. పచ్చి రొయ్యలు పట్టుకుపోయి మళ్లీ చూడాల."

"తెలీదంటే ఉన్నట్టే."

"ఉన్నట్టు గాదు, తెలీనట్టు. పొద్దుగూకేదాకా గడువిచ్చినారు, ఇంకా పొద్దుండాది. నమ్మకం లేకపోతే నువ్వూ రా, పక్కన కూర్చోని చూడు."

కామాక్షయ్య వచ్చాడు. నమ్మకంతో కాదు, దొంగను పట్టుకోవడానికి వచ్చినట్టు వచ్చాడు. హజరత్తయ్య విసురు వలతో పట్టిన రొయ్యల్ని లిల్లీ అక్కడికక్కడే ఐసులో పెట్టుకుంది. ల్యాబులో ఇంకో గొట్టం కూడా సిద్ధం చేసింది. తెలిసిన వైరస్ నమూనాలో పొద్దుటి పసుపు రొయ్యల రసం ఒక చుక్క కలిపింది. మిషను వేడెక్కుతూ చల్లారుతూ ఉన్నంతసేపు ముగ్గురూ కుర్చీల్లో, పిచ్చమ్మ తలవంచుకుని గుమ్మంలో. ఎవరూ టీ కూడా ముట్టలేదు.

ఎండ పసుపెక్కే వేళకు లైటు వెలిగింది.

"చూడన్నా. ఇది వైరస్, గీత ఉండాది. ఇదీ వైరసే, పసుపు చుక్క పడింది, గీత మాయం. పొద్దున జరిగింది ఇదే."

కామాక్షయ్య ముందుకు వంగాడు. చివరి వరుసలో, పచ్చి రొయ్యల వరుసలో, రొయ్య గీత నిప్పుకణికలా వెలుగుతోంది. ఒక్క గీతే. వైరస్ గీత ఉండాల్సిన చోట చీకటి తప్ప ఏమీ లేదు.

"లేదు," అంది లిల్లీ. "ప్రోటీను చక్కగా పనిచేసింది, అయినా వైరస్ లేదు! పెంకు మీదవి నీళ్లలో సున్నం ఎక్కువై వచ్చిన మచ్చలై ఉంటాయి, నీళ్లు పరీక్షిద్దాం. మీ రొయ్యలకు ఈ రోగం లేదు పెదనాన్నా!"

పిచ్చమ్మ గుమ్మంలోంచి ఒక్క ఉరుకున వచ్చి లిల్లీని కావలించుకుంది. కామాక్షయ్య ఫోను తీసి, "ఆ మూటలు ఎత్తండ్రా, ఒక్క గింజ నీళ్లలో పడితే మీ సంగతి చూస్తా," అని కేకేశాడు.

హజరత్తయ్యకు మాత్రం ఉక్రోషం దిగలేదు. కళ్లు తుడుచుకుంటూనే, "ఈ ముక్క పొద్దున్నే చెప్పుంటే పొయ్యేది గదమ్మా! అప్పుడూ లేదనే, ఇప్పుడూ లేదనే," అన్నాడు.

ఆ మాటకు బదులు కామాక్షయ్య చెప్పాడు.

"పొద్దున లేదంటే నేను నమ్మేవాణ్ణా అన్నా? ఈ పిల్ల నీ మనిషనుకోని మూటలు కుమ్మరించుండేవాణ్ణి. మొహం మీద తెలీదని చెప్పింది జూడు, అందుకే ఇప్పుడు నమ్మినా."