ఒక్క పెట్టె తాళాలు

రెండో వరద వచ్చి పోయిన ఏడాది సంగతి ఇది. మొదటి వరద మా గుమ్మం దాకా వచ్చి సిగ్గుపడి వెళ్ళిపోయింది. రెండోది లోపలికొచ్చి మంచమెక్కింది. నీళ్ళు పోయాయి గానీ వాసన పోలేదు. మురుగూ, చచ్చిన ఎలకా, తడిసిన పరుపూ కలిసిన వాసన గోడల్లో నిలిచిపోయింది. ఇప్పటికీ ఆ వీధి మాట ఎవరైనా ఎత్తితే ముందు నా ముక్కుకే తెలుస్తుంది.

నేను వెల్డింగు పనివాణ్ణి. రోడ్డుకి అవతల షెడ్డు. నేనూ మా చెల్లీ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. భర్త పోయాక అది వీధి మొదట్లో పెద్దింటి మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకుంది. అందరూ మిషనక్క అనేవాళ్ళు. అతుకులు, జిప్పులు, పొడుగు తగ్గించడాలు. వాటితో పాటు వీధిలో వాళ్ళ తాళంచెవులు. బయటికి పోతూ పోతూ "మా ఆయనొస్తే ఇవ్వు మిషనక్కా" అని దాని ఒళ్ళో పడేసి పోయేవాళ్ళు. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కో చెవికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి, గోడ మేకుకి తగిలించేది.

వరదకి పాత తాళాలన్నీ తుప్పు పట్టాయి. కొత్తవి తెచ్చిన ఘనత విజిల్ మాస్టారిది. ఆయన బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైనా మెడలో విజిలు తియ్యలేదు. వీధి సంఘానికి ఆయనే పెద్ద. ఎక్కడో గోదాములో మూలన పడేసిన తాళాల పెట్టె చవగ్గా దొరికిందని తెచ్చి, ఇంటింటికీ పంచి, దండ వేయించుకున్నాడు. మా ఇంటికీ ఒకటిచ్చాడు.

ఆ ఏడు దొంగతనాలు ఎక్కువైపోయాయి. నీళ్ళ మోటార్లు, సైకిళ్ళు, ఆఖరికి ఆరేసిన దుప్పట్లు కూడా. అనుమానం వచ్చినప్పుడల్లా మాస్టారు విజిలు ఊదేవాడు. అది విని తలుపులు తెరుచుకోవడం మాట అటుంచి, తెరిచి ఉన్నవి మూసుకునేవి.

ఒకరోజు పట్టపగలు మందుల షాపాయన ఇంట్లో గాజుల డబ్బా పోయింది. తాళం వేసినట్టే ఉంది. గీత కూడా పడలేదు.

సాయంత్రం నేను షెడ్డు నుంచి వచ్చేసరికి అందరూ మిషను చుట్టూ మూగి ఉన్నారు.

"ఒక చెవి నా కొంగున ఉంది. రెండోది ఈవిడ మేకుకుంది. ఇంక నేను వేరే చెప్పాలా?" అంది మందుల షాపాయన భార్య.

"నువ్వే తీశావని ఎవరూ అనట్లేదమ్మా," అన్నాడు మాస్టారు. "ఎవరి చేతికైనా ఇచ్చావేమో గుర్తు తెచ్చుకోమంటున్నాం."

"ఇవ్వలేదు."

"ఓ కునుకు తీసి ఉంటావు."

"నేను కునుకు తీస్తే మీ ప్యాంటు ఎప్పటికి పూర్తయ్యేది మాస్టారూ? వేసుకునే ఉన్నారుగా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అంతే. మా చెల్లికి సాయం ఒక్క మాట రాలేదు. పక్కింటి డ్రైవరు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. కూతురికి జ్వరమొస్తే మా చెల్లి ఒళ్ళో పడుకోబెట్టి డ్యూటీకి పోయిన మనిషి.

"పోలీసుల దాకా పోకుండా నేను చూసుకుంటాను," అన్నాడు మాస్టారు, వరమిస్తున్నట్టు. "రేపటికల్లా మిషను ఇక్కణ్ణుంచి తీసెయ్యి. నీ పరువు కోసమే చెప్తున్నా."

మా చెల్లి ఏడవలేదు. మేకు మీది చెవుల గుత్తి తీసింది. కత్తెర తీసుకుని పీలికలన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించి, చెవుల్ని మిషను బల్ల మీద కుప్ప పోసింది.

"గుర్తులు తీసేశావేంటే? ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అంది మందుల షాపాయన భార్య.

"దొంగని కదా, నాకేం తెలుసు? మీ సొత్తు మీరు గుర్తుపట్టుకోండి."

గింజలు చల్లితే కోళ్ళు ఎగబడ్డట్టు ఎగబడ్డారు. ఇది నాదంటే ఇది నాదన్నారు. ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి పోయారు.

మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. మారిపోయిందని పోట్లాడుకుంటూ వెనక్కొస్తారని నా లెక్క. ఒక్కరూ రాలేదు. ఇళ్ళన్నిట్లో లైట్లు వెలిగాయి.

"అందరికీ తమవే దొరికాయా అన్నయ్యా? పీలికల్లేకపోతే నాకే తెలియదు."

నాకూ అదే అర్థం కాలేదు. అంతలో డ్రైవరు వచ్చాడు. చేతిలో చెవి ఉంది.

"మాది సోడాసీసా మూత తియ్యబోతే మెడ వంగింది పెద్దాయనా. ఇది తిన్నగా ఉంది. మాది కాదు. అయినా మా తాళం వచ్చేసింది."

వీధి వాళ్ళందర్నీ బయటికి పిలిచాను. మా ఇంటి చెవి తీసుకుని మందుల షాపాయన గుమ్మానికి వెళ్ళాను. ఆయన తాళం తీసుకుని, అందరూ చూస్తుండగా నొక్కి, మా చెవి పెట్టి తిప్పాను. వచ్చేసింది. దాంతోనే మాస్టారి తాళం తీశాను. అదీ వచ్చేసింది.

"అంటే మా ఇంటికి ఈ అన్నాచెల్లెళ్ళ దగ్గర రెండు చెవులున్నట్టు," అంది మందుల షాపాయన భార్య.

"మీ దగ్గరా వీధి మొత్తానికి ఒకటుంది తల్లీ," అన్నాను.

అప్పటిదాకా మా చెల్లినే చూసిన కళ్ళు ఒకళ్ళ మీదికొకళ్ళు తిరిగాయి. మాస్టారి మెడలో విజిలు ఉంది. ఊదలేదు.

"ఈ సంగతి వీధి దాటకూడదు," అన్నాడు.

తర్వాత ఏ ఇంట్లో విన్నా తలుపుకి అడ్డంగా బల్లలు ఈడ్చుకుంటున్న చప్పుడే.

పొద్దున్నే మందుల షాపాయన గుమ్మంలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో గాజుల డబ్బా. ఒక్క గాజు కూడా తగ్గలేదు. తీసినవాడికి భయం పట్టుకుంది. వాడు బయటినుంచి రాలేదు. ఈ ఇళ్ళలోనే ఏదో ఇంట్లో నిద్రలేచి, పళ్ళు తోముకుని, అక్కడికొచ్చి మాతో పాటు ఆశ్చర్యపోయాడు. షాపాయన భార్య సంతోషం పట్టలేక అందరికీ టీ పోసింది. వాడూ తాగే ఉంటాడు.

"దొరికింది కదా, ఇంకెందుకు తవ్వుకోవడం? అంతా మనవాళ్ళే," అన్నాడు మాస్టారు.

ఆ 'మనవాళ్ళే' అన్న మాట కన్నా వరద వాసనే నయం.

ఆవిడ గ్లాసు తెచ్చి మా చెల్లి ముందు పెట్టింది. "మనసులో పెట్టుకోకు మిషనక్కా. కొత్త తాళాలు కొంటున్నాం. చెవులు మళ్ళీ నీ దగ్గరే పెడతాం. నీకంటే నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?"

మా చెల్లి గ్లాసు వంక చూడలేదు. "అన్నయ్యా, మిషను తల నువ్వు పట్టుకో. పెడలు వైపు నేను పడతాను," అంది.

డ్రైవరు సాయానికి వచ్చాడు. వద్దన్నాను. ఇద్దరం బండికెక్కించి, రోడ్డు దాటించి, షెడ్డులో వెలుతురొచ్చే వైపు దింపాం. వెల్డింగు బల్ల ఒక పక్కకి జరిపాను.

తర్వాత పట్టుకారు తీసుకుని ఒక్కణ్ణే వెనక్కి వెళ్ళాను. వాళ్ళింకా టీ తాగుతున్నారు. మెట్ల కింద గోడకున్న మేకు పీకి జేబులో వేసుకున్నాను. ఆ మేకు గోడకి కొట్టింది నేనే.