తొందరపడ్డ తెర

కొమురెల్లి నిచ్చెనెక్కి తెర కప్పీలకు కొబ్బరినూనె పోస్తున్నాడు. యూనివర్సిటీ నాటకశాలలో ముప్పై ఏళ్లుగా తెర తాడు లాగడమే అతని ఉద్యోగం. భుజాలు ముందుకు వంగిపోయాయి, అరచేతులు కాయలు కాచాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ తెర తప్పలేదని అతని గొప్ప. అదీ ఒక గొప్పేనా అంటే, అతనికి మరొకటి లేదు మరి!

రేపటి నుంచి పింఛను. ఈ సాయంత్రం అమ్మాయిలు ఓ పేరుమోసిన సినిమాను నృత్యరూపకంగా ఆడుతున్నారు. తార్నాక నుంచి భార్య పోచమ్మ మొదటిసారి ఆట చూడవస్తోంది. ఆమె ఎదుట ఈ ఆఖరి ఆట మచ్చ లేకుండా గట్టెక్కితే అతనికి అంతే చాలు.

"రిహార్సళ్లు హాస్టల్లో చేశాం, నువ్వు చూడలేదు. తెర దించాల్సినప్పుడు నేను చెయ్యి ఊపుతాను," అంది నాట్యం నేర్పిన గ్రేస్ మేడం.

"గా సినిమా నాకు ఎర్కలేదా మేడం? నాలుగుసార్లు చూసిన. సైగలెందుకు, నేనే దించుత!"

కొమురెల్లి మేకుకున్న పాతచీర పేలిక తీసి అరచేతికి చుట్టుకున్నాడు. ఆట మొదలైంది. మాటల్లేకపోయినా గజ్జెల చప్పుడులోనే కథంతా తెలిసిపోతోంది. పెళ్లి ఘట్టం వచ్చింది. తలంబ్రాలు పడ్డాయి. సినిమా అక్కడికి సరి కదా! నిండు మనసుతో తెర దించాడు. చప్పట్లు మోగాయి.

"అయ్యో కొమురెల్లీ! ఇంకా ఉంది, ఎత్తు!" గ్రేస్ మేడం ముఖం పాలిపోయింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా తెర ఎత్తాడు. పెళ్లికూతురు జబ్బుపడింది, మొగుడి ఒళ్లో కన్నుమూసింది. కొమురెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మేడం చెయ్యి ఊపాక, పసిపిల్లకు దుప్పటి కప్పినంత నెమ్మదిగా దించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంతసేపటికీ ఆపలేదు.

తాళాలు అప్పగించి బయటికొస్తే మెట్ల మీద పోచమ్మ.

"బస్సు తప్పుతదని నాలుగుసార్లూ పెండ్లి కాంగనే లేపుకొచ్చినవ్. గామె సచ్చిపోతదని నీకు ఎర్కేనా?" అనడిగాడు కొమురెల్లి.

"ఎర్కే. పక్కింటి లచ్చవ్వ చెప్పింది. నువ్వు తట్టుకోవని లేపిన."

"ఇయ్యాల తెర తప్పింది గదనే," అన్నాడు మెట్టు మీద కూలబడి.

"తప్పితె తప్పింది. గా పిల్ల ఇంకో గడియ ఎక్కువ బతికింది గద! పా. రేపు గా సినిమా మ్యాట్నీకి పోదం, ఆఖరుదాక కూసుందం."

కొమురెల్లికి నవ్వొచ్చింది. ఇద్దరూ తార్నాక వైపు నడక సాగించారు.

లోపల తెర తాడు పక్కన, అరచేతికి చుట్టుకునే పోచమ్మ పాతచీర పేలిక, ఇంకా చెమట తడితో, మేకుకే వేలాడుతోంది.